ఆటోమేటిక్ కారు గేర్ కేబుల్: గేర్‌బాక్స్ విప్పించే ముందు ఇది చూడండి

లివర్ 'డి'లో (ముందుకు నడిచే గేరు) ఉన్నా బండి కదలదు. లేదా 'పి'లో (పార్కింగ్) పెడితే మీటర్‌లో 'ఆర్' (రివర్స్) వెలుగుతుంది. గేర్‌బాక్స్ పోయిందని బెంగపడకండి, ముందు లివర్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే కేబుల్ చూడండి. ఏఎంటీ (మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే) బళ్లకూ, బటన్‌తో గేరు పడే బళ్లకూ సాధారణంగా ఈ కేబుల్ ఉండదు కాబట్టి ఈ పద్ధతి వాటికి పనికిరాదు.

బండిని చదునైన నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వెయ్యండి. కేబుల్ తప్పితే 'పి'ని నమ్మడానికి లేదు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి లివర్‌ని పి, ఆర్, ఎన్ (న్యూట్రల్), డి వరసలో జరపండి. మీటర్‌లో అక్షరం లివర్‌తో కలవాలి. రివర్స్ లైటు 'ఆర్'లోనే వెలగాలి. బ్రేక్ మీద కాలు తియ్యకుండానే స్టార్ట్ చేసి చూడండి: పి, ఎన్‌లలో తప్ప ఇంజిన్ అందుకోకూడదు.

లివర్ 'పి' నుంచి అసలు రాకపోతే కేబుల్‌ని తిట్టకండి. వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. వెలగకపోతే బ్రేక్ స్విచ్చో, ఫ్యూజో పోయుంటుంది.

తర్వాత ఇంజిన్ ఆపి, చల్లారాక బోనెట్ ఎత్తండి. ఒకరు లోపల కూర్చుని లివర్ జరుపుతుంటే మీరు గేర్‌బాక్స్ మీది చిన్న ఆర్మ్‌ని చూడండి. లివర్ తేలిగ్గా ఊగుతూ ఆర్మ్ కదలకపోతే, చాలావరకు కేబుల్ చివరని ఆర్మ్‌కి పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్ పగిలి ఊడిపోయినట్టే. వేడికి అది పెళుసెక్కిపోతుంది. ఊడిన చోట ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టి నడిపేవాళ్లున్నారు. షెడ్డు దాకా సరే, అరకు ఘాట్ ఎక్కడానికి కాదు. కొన్ని బళ్లకు బుష్ విడిగా దొరకదు, కేబుల్ మొత్తం కొనాలి.

లివర్ బరువుగా జరిగితే కేబుల్ లోపలి తీగ తుప్పు పట్టిందేమో చూడాలి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి, వరద నీళ్లలో మునిగిన బళ్లకు ఇది మామూలే. నూనె పోసినా నాలుగు రోజుల ముచ్చటే, కేబుల్ మార్చండి. కుప్పనూర్పుల వేళ కళ్లం పక్కన నిలిపిన బళ్లలో ఎలుకలు తొడుగు కొరికాయేమో కూడా వెతకండి.

అన్నీ బాగుండి, లివర్‌కీ మీటర్‌లో అక్షరానికీ ఒక స్థానం మాత్రమే తేడా ఉంటే కేబుల్ సర్దుబాటు చాలు. లివర్ 'ఎన్'లో పెట్టి కేబుల్ నట్టు వదులు చెయ్యండి. ఆర్మ్‌ని 'పి' చివరికి తోసి, అక్కణ్ణుంచి రెండు క్లిక్కులు వెనక్కి తెస్తే 'ఎన్'. కేబుల్‌ని లాగకుండా, వదులు లేకుండా నట్టు బిగించండి. కొన్ని మోడళ్లలో ఈ పని 'పి'లోనే చెయ్యాలి, మాన్యువల్ చూసుకోండి. బిగించాక మీటర్, రివర్స్ లైటు, స్టార్టింగ్ పరీక్షలు మళ్లీ మొదటినుంచీ చెయ్యండి. ఆఖర్న కొద్దిపాటి వాలులో 'పి'లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, కాలి బ్రేక్ మెల్లగా వదలండి. బండి రెండు మూడు అంగుళాలు సర్దుకుని ఆగాలి. ఇంకా జారితే వెంటనే బ్రేక్ తొక్కి హ్యాండ్ బ్రేక్ లాగండి.