సిలికాన్ హోస్ కారుతోందా? ముందు క్లిప్పు చూడండి

ధనుర్మాసం మొదలైతే అమలాపురంలోని మా షెడ్డుకు ఒకే మాట చెప్పుకుంటూ వస్తారు. "పొద్దున్నే బండి కింద కూలెంట్ మరక ఉంటోందండీ. రోడ్డెక్కాక చూస్తే చుక్క కూడా పడట్లేదు." బానెట్ ఎత్తితే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) పారే నిగనిగలాడే కొత్త సిలికాన్ హోస్, దాని మీద పాత రబ్బరు హోస్ నుంచి ఊడదీసిన స్క్రూ క్లిప్పు కనిపిస్తాయి. హోస్‌కి వేల రూపాయలు పెట్టినవాళ్లు క్లిప్పు దగ్గర వంద రూపాయలు మిగుల్చుకుంటారు. కారేది చాలాసార్లు ఆ వంద రూపాయల దగ్గరే.

ఒక జాగ్రత్త ముందే చెబుతాను. ఏది విప్పాలన్నా ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే చేతులు, ముఖం కాలిపోతాయి.

సమస్య: చల్లగా ఉంటే కారుతుంది, వేడెక్కితే ఆగుతుంది

కారణం: సిలికాన్ మామూలు రబ్బరు కన్నా మెత్తన, వేడికి బాగా ఉబ్బుతుంది. కూలెంట్ 90 డిగ్రీల దగ్గర తిరుగుతున్నంతసేపూ హోస్ గోడ క్లిప్పు పట్టీకీ లోపలి గొట్టానికీ మధ్య నలిగి, కొద్దికొద్దిగా పక్కలకు జరుగుతుంది. రాత్రి చల్లారాక గోడ కుంచించుకుంటుంది. స్క్రూ క్లిప్పు మాత్రం మనం బిగించిన చోటే ఉంటుంది. మధ్యలో వెంట్రుకవాసి సందు పడుతుంది, తెల్లారేసరికి అందులోంచి చుక్క చుక్కగా కారుతుంది. మన దగ్గర చలి పెద్దగా ఉండదు కదా అనుకోవద్దు. 90 నుంచి 20కి దిగడం చాలు.

అందరూ చేసే పని ఇంకో చుట్టు బిగించడం. నేనూ అదే చేశాను. ఒక డీజిల్ కారుకి రెండు వారాల్లో మూడుసార్లు బిగించాను. బిగించిన ప్రతిసారీ రెండు రోజులు ఆగి మళ్లీ కారింది. చివరికి పట్టీ విప్పి చూస్తే హోస్ మీద వడ్లగింజలంత బుడిపెలు వరసగా లేచి ఉన్నాయి. స్క్రూ పళ్లు పట్టుకోవడానికి పట్టీకి కొట్టిన చిల్లుల్లోకి సిలికాన్ పొడుచుకువచ్చి, ఆ అంచులకే కోసుకుపోయింది. రెండుచోట్ల లోపలి నూలు పొర బయటపడింది. ఆ హోస్ నా డబ్బుతోనే మార్చి ఇచ్చాను. అప్పటినుంచి చిల్లుల పట్టీని సిలికాన్ మీద వేయలేదు, వేయనివ్వలేదు.

పరిష్కారం: క్లిప్పు రకమే మార్చాలి. రేడియేటర్ హోస్‌కి నా మొదటి ఎంపిక కాన్‌స్టెంట్ టెన్షన్ క్లిప్పు. దీని స్క్రూ తల కింద గిన్నెల్లా వంపు తిరిగిన స్ప్రింగ్ వాషర్ల దొంతర ఉంటుంది. హోస్ ఉబ్బితే వాషర్లు నలుగుతాయి, కుంచించుకుంటే విచ్చుకుని పట్టీని లాగి ఉంచుతాయి. అది దొరక్కపోతే లోపల నున్నటి రేకు లైనర్ ఉన్న స్క్రూ క్లిప్పు తీసుకోండి. చిల్లులు హోస్‌కి తగలవు కాబట్టి కోత ఉండదు. కాకపోతే ఇది తనంతట తాను సర్దుకోదు. నాలుగైదుసార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారాక, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి సరిచూసుకోవాలి.

బిగింపు విషయంలో క్లిప్పు కంపెనీ ఇచ్చిన లెక్కే లెక్క. మామూలు సైజు స్క్రూ క్లిప్పులకు అది 3 నుంచి 5 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేనివాళ్లు పట్టీ అంచుల దగ్గర సిలికాన్ కాస్త ఉబ్బడం కనిపించగానే ఆపేయండి. క్లిప్పు హోస్ చివరి అంచు నుంచి 5 మిల్లీలు లోపలికి, గొట్టం మీది ఉబ్బు గీత దాటాక కూర్చోవాలి. ఆ గీత మీదే వేస్తే ఎంత బిగించినా నిలవదు.

సమస్య: క్లిప్పు కొత్తదే, అయినా సరిగ్గా పట్టదు

కారణం దాదాపు ఎప్పుడూ సైజే. షాపులో "నలభై ఐదు హోస్‌కి క్లిప్పు" అని అడుగుతారు. ఆ 45 లోపలి కొలత. క్లిప్పు కూర్చునేది బయట. గోడ మందం 5 మిల్లీలైతే రెండు వైపులా కలిపి 10, అంటే మీకు కావాల్సింది 55కి సరిపడే క్లిప్పు. బయటి కొలత తీసే వెర్నియర్ పరికరం లేకపోతే కాగితం పట్టీని హోస్ చుట్టూ చుట్టి గుర్తు పెట్టండి. 173 మిల్లీలు వచ్చిందనుకోండి, 3.14తో భాగిస్తే 55. ఈ కొలత హోస్ గొట్టానికి ఎక్కించాక తీసుకోవాలి, ఎక్కాక అది కాస్త సాగుతుంది.

క్లిప్పు మీద 50-70 లాంటి రెండు అంకెలు ఉంటాయి. మీ కొలత ఆ రెండింటి చివరలకు ఆనుకుని ఉండకూడదు. మరీ పెద్ద క్లిప్పుని చిన్న హోస్‌కి వేస్తే స్క్రూ గూడు దగ్గర గుండ్రం పోయి సందు మిగులుతుంది. కంపెనీ నుంచి వచ్చిన స్ప్రింగ్ క్లిప్పు మంచిదే కానీ, అది పాత హోస్ మందానికి చేసింది. మందం మారితే సైజు మారాలి. బలవంతంగా విప్పార్చి ఎక్కిస్తే స్ప్రింగ్ బలం పోతుంది.

సమస్య: ఘాట్‌లో పికప్ పోయి నల్లపొగ, బుస్సుమని గాలి శబ్దం

డెల్టా అంతా పళ్లెంలా చదును. ఇక్కడ తిరిగినన్నాళ్లూ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) హోస్ మీద పెద్ద భారం పడదు. ఆదివారం నలుగురిని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే అప్పుడు బయటపడుతుంది. గాలి ఒత్తిడి పూర్తిగా పెరిగి హోస్ గొట్టం మీద నుంచి జారిపోతుంది.

ఇక్కడ కారణాలు రెండు. స్క్రూ క్లిప్పు పట్టు చాలకపోవడం ఒకటి. దానికి టి-బోల్ట్ క్లాంప్ వేయాలి. వెడల్పాటి నున్నటి పట్టీ, నట్టుతో బిగింపు, చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది. స్ప్రింగ్ ఉన్న రకమైతే ఇంకా మేలు. దీని సర్దుబాటు కొద్ది మిల్లీలే కాబట్టి కొలత మరింత కచ్చితంగా ఉండాలి. నట్టు చేత్తోనే బిగించండి, గన్ పెట్టొద్దు.

రెండోది నూనె, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఇంజిన్ ఆవిరితో పాటు వచ్చే ఆయిల్ టర్బో గొట్టాల లోపల పల్చగా పేరుకుంటుంది. దాని మీద సిలికాన్ సబ్బు రాసినట్టు జారుతుంది. హోస్ విప్పి, గొట్టం బయటి వైపు, హోస్ లోపలి వైపు బ్రేక్ క్లీనర్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఎక్కడం కష్టంగా ఉంటే కాసిని నీళ్లు చాలు, గ్రీజు పూయొద్దు.

టి-బోల్ట్ గట్టిది కదా అని రేడియేటర్‌కి కూడా వేయించుకుంటున్నారు. ఇప్పటి రేడియేటర్లలో హోస్ ఎక్కే మూతి ప్లాస్టిక్. దాని పట్టుకి ఆ మూతి పగిలితే క్లిప్పు ఖర్చు కాస్తా రేడియేటర్ ఖర్చవుతుంది. హీటర్ హోస్ లాంటి సన్నవాటికీ అది పనికిరాదు, గుండ్రంగా వంగదు.

సమస్య: క్లిప్పు, సైజు సరైనవే, ఇంకా చెమర్చుతోంది

హోస్ తీసి మూతిని వేలితో తడమండి. మన ఊళ్లలో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఆ నీళ్లు ఉప్పన, కఠినం. మూతి చుట్టూ తెల్లటి పొక్కు కట్టి ఉంటుంది, దాని గరుకుల మధ్య నుంచి కూలెంట్ పాకుతుంది. మెత్తటి స్క్రబ్బర్‌తో తీసేయండి. మూతి అల్యూమినియందై గుంటలు పడితే ఏ క్లిప్పూ కాపాడలేదు, ఆ భాగం మార్చాల్సిందే. ఇకమీదట డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోయండి.

ఎక్కడా మరక లేకుండా నెలల మీద మట్టం కొద్దిగా తగ్గితే కంగారు పడకండి. సిలికాన్ గోడ గుండా నీటి ఆవిరి కొంత పోతుంది. అది దాని స్వభావం.

పెట్రోలు, డీజిల్, ఇంజిన్ ఆయిల్ పారే లైన్లలో మామూలు సిలికాన్ హోస్ ఉంటే క్లిప్పు సంగతి వదిలేసి హోస్ మార్చండి. వాటికి అది ఉబ్బి మెత్తబడిపోతుంది.

సమస్య: స్క్రూ తుప్పు పట్టి తిరగదు

అంతర్వేది, ఓడలరేవు వైపు, భీమవరం రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లలో ఇది మామూలు. ఉప్పుగాలికి జింక్ పూత ఎంతోకాలం ఆగదు. పట్టీ మెరుస్తున్నా స్క్రూ మామూలు ఇనుముదై ఉండొచ్చు. పట్టీ మీద డబ్ల్యూ2 అని ఉంటే అంతే, పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ కాదు. డబ్ల్యూ4 అని ఉంటే మొత్తం స్టెయిన్‌లెస్. షాపుకి చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి స్క్రూ తల మీద పెట్టండి. టక్కున గట్టిగా అతుక్కుందంటే ఆ క్లిప్పు అక్కడే పెట్టేసి, డబ్ల్యూ4 ఇమ్మని అడగండి.