మైక్రోవేవ్ ఒక్కటే ఉంటే: పప్పు, కంద బచ్చలి, ఆకులో పండుగప్ప

దొండకాయ వేపుడు, చేప వేపుడు మామూలు మైక్రోవేవ్‌లో కుదరవు. ఆ ఆశ ముందే వదిలేసుకోండి. ఇది పదార్థంలోని నీటిని వేడెక్కించి ఉడికిస్తుంది. వేపుడు రంగు తిరగాలంటే మరిగే నీటిని మించిన వేడి కావాలి, అది వచ్చేలోపు ముక్క ఎండి తోలైపోతుంది. అయితే గోదావరి జిల్లాల వంటల్లో వేపకుండా చేసేవాటికి కొదవేం లేదు. పప్పు, పులుసు, ఆవపెట్టిన కూర, ఆకులో ఉడికించిన చేప, ఇవన్నీ కాస్త నూనెతోనే ఇరవై లీటర్ల సోలో (గ్రిల్ లేని మామూలు) మైక్రోవేవ్‌లో బాగా వస్తాయి.

కింద చెప్పిన సమయాలు 800 వాట్లకి. మీ ఓవెన్ సంగతి తెలియాలంటే గ్లాసుడు (200 మి.లీ.) నీళ్లలో చెక్క గరిటె వేసి ఫుల్‌లో పెట్టండి. రెండు నిమిషాలకి అటూఇటూగా మరిగితే సరే. మూడు దాటితే ప్రతి వంటకీ మూడో వంతు సమయం కలుపుకోండి. వేసవి సాయంత్రాలు ఊళ్లో ఏసీలు, చేపల చెరువుల మీద నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఒకేసారి తిరిగి వోల్టేజి పడిపోయినప్పుడూ అంతే. టైమరు మామూలుగానే తిరుగుతుంది, కూర మాత్రం పచ్చిగా ఉంటుంది.

గిన్నె గాజుదో, మైక్రోవేవ్‌కి పనికొచ్చే పింగాణీదో కావాలి. స్టీలు వద్దు, బంగారు గీత ఉన్న కప్పులూ వద్దు. పప్పుకీ అన్నానికీ వేసినదానికి మూడింతలు పట్టే గిన్నె తీసుకోండి, లేదంటే పొంగి పళ్లెమంతా పాడవుతుంది.

అన్నం సులువు. గ్లాసు బియ్యం ఇరవై నిమిషాలు నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లతో మూత లేకుండా ఫుల్‌లో ఆరు నిమిషాలు, మూత వారగా పెట్టి 50 శాతంలో పది నిమిషాలు ఉంచండి. ఆపాక అయిదు నిమిషాలు ఉమ్మగిలనివ్వాలి.

పప్పుకి పెసరపప్పే నయం. కందిపప్పు రెండు గంటలు నానితే గానీ దారికి రాదు. అరగ్లాసు పెసరపప్పు అరగంట నానబెట్టి, గ్లాసున్నర నీళ్లు, పసుపు, రెండు చుక్కల నూనె వేసి ఫుల్‌లో అయిదు నిమిషాలు, 50 శాతంలో పన్నెండు నిమిషాలు ఉడికించండి. గుప్పెడు తోటకూర చివరి నాలుగు నిమిషాల్లో వేస్తే చాలు. పులుపు ఏదైనా పప్పు మెదిగాకే. ముందే వేస్తే ఎంతసేపు పెట్టినా పలుకు పోదు.

కంద బచ్చలికీ ఇదే నియమం. చేతులకి నూనె రాసుకుని పావుకిలో కంద చెక్కుతీసి చిన్న ముక్కలు కోయండి. అరగ్లాసు నీళ్లతో మూతపెట్టి ఫుల్‌లో పది నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. వేలితో నొక్కితే చిదమాలి. పలుకు మిగిలితే గొంతు దురద ఖాయం, మొహమాటపడకుండా మరో మూడు నిమిషాలు పెట్టండి. అప్పుడు కట్ట బచ్చలి, ఉసిరికాయంత చింతపండు రసం, ఉప్పు, పచ్చిమిర్చి వేసి ఇంకో అయిదు నిమిషాలు. బచ్చలికి విడిగా నీళ్లు అక్కర్లేదు. తాలింపుకి చిన్న గాజు గిన్నెలో రెండు చెంచాల నూనె, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి వేసి మూత వారగా పెట్టి నిమిషంన్నర చాలు. మిర్చి మాడుతుందేమో చూస్తుండండి. కరివేపాకు తడి తుడిచి దింపాక వేయాలి. ప్లాస్టిక్ గిన్నెలో మాత్రం నూనె కాచొద్దు, కరిగిపోతుంది. చెంచాడు నూరిన ఆవముద్ద కూర గోరువెచ్చగా అయ్యాకే కలపండి. వేడిమీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది.

చేపకి ఫుల్ పెట్టకండి, 60 శాతంలో ఉడికించండి. మామూలు ఓవెన్లలో 60 శాతం అంటే మంట తగ్గడం కాదు, కాసేపు పూర్తి వేడి, కాసేపు ఖాళీ. ఆ ఖాళీలోనే వేడి ముక్క లోపలికి పాకుతుంది. ఫుల్‌లో పెడితే అంచులు రబ్బరై, నడుమ పచ్చిగా ఉంటుంది.

ఆకులో వండడానికి పండుగప్ప (సీ బాస్) చేప మేలు. ముల్లు తీసిన 300 గ్రాముల ముక్కలు, బొటనవేలి మందం ఉన్నవి తీసుకోండి. చెరువు చేపకి మట్టివాసన ఉంటుంది కాబట్టి మజ్జిగలో పది నిమిషాలు ఉంచి కడగండి. మూడు చెంచాల కొబ్బరి, మూడు పచ్చిమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర, ముప్పావు చెంచా ఉప్పు, పసుపు నూరి, అరచెక్క నిమ్మరసం కలిపి పట్టించండి. పావుగంటకి మించి ఉంచితే నిమ్మపులుపుకి చేప సుద్దలా పొడిబారుతుంది. అరటాకుని ముందు ముప్పై సెకన్లు ఓవెన్లో పెడితే వాడి, మడిచినా చిరగదు. పొట్లాం అరటినారతో కట్టండి. స్టాప్లర్ పిన్ను కొడితే నిప్పురవ్వలు లేస్తాయి. మందపు ముక్కలు పళ్లెం అంచుకి, తోకముక్కలు నడుమకి పెట్టి 60 శాతంలో నాలుగు నిమిషాలు, తిరగేసి రెండు నిమిషాలు, ఆపి మూడు నిమిషాలు కదపకండి. ఫోర్కుతో గుచ్చితే పొరలు విడివడి తెల్లగా కనిపించాలి. గాజులా మెరుస్తుంటే ఇంకో ముప్పై సెకన్లు. రొయ్యలైతే ఇంకా త్వరగా అవుతాయి. కాస్త వంగితే ఉడికినట్టు, ఉండచుట్టుకుంటే ముదిరినట్టు.

శీలావతి (రోహు) చేప పులుసుకి ముందు పులుసు మరగాలి. ఉల్లిపాయ, రెండు చెంచాల నూనె నాలుగు నిమిషాలు మగ్గనిచ్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు, నిమ్మకాయంత చింతపండుతో గ్లాసున్నర పులుసు, నాలుగు బెండకాయలు వేసి ఫుల్‌లో ఏడు నిమిషాలు. ఆ తర్వాత ముక్కలు పరిచి 60 శాతంలో ఆరు నిమిషాలు. గరిటె పెట్టొద్దు, గుడ్డతో గిన్నె పట్టుకుని మెల్లగా తిప్పండి. పూటసేపు ఆగి తింటే ముక్కకి పులుపు పడుతుంది.

పులసని మాత్రం దీంట్లో పెట్టకండి. దానికి మట్టి దాకలో గంటల తరబడి సన్నసెగ కావాలి. అంత ధర పోసి కొన్నదాన్ని ఆరు నిమిషాల్లో తేల్చేయడం దండగ.

నీచువాసనకి గ్లాసు నీళ్లలో నిమ్మచెక్కలు వేసి మూడు నిమిషాలు మరిగించి, తలుపు తీయకుండా అయిదు నిమిషాలాగి తడిగుడ్డతో తుడవండి. ఓవెన్ లోపలి పైకప్పు మరిచిపోవద్దు, వాసన పట్టేది ఎక్కువగా అక్కడే.