ఇంట్లో సముద్రపు అక్వేరియం – 4వ పాఠం: పగడాలకు రోజుకు ఎన్ని గంటల వెలుగు?

గత పాఠంలో పార్ మీటరుతో (శైవలాలు ఆహార తయారీకి వాడుకోగల వెలుగును, అంటే పార్‌ను, కొలిచే పరికరం) ట్యాంకు అడుగున, మధ్యన, రాళ్ల మీద ఎంత వెలుగు పడుతున్నదో కొలిచి రాసుకున్నారు కదా, ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకోండి. రాళ్లు కట్టే గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో (అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితా) ఉన్నందున, ఈ పాఠంలోనూ ఉదాహరణలు రాతి అస్థిపంజరం లేని జోయాంథస్, మష్రూమ్ జాతులవే.

వీటి కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. వెలుగుతో అవి తయారుచేసుకున్న ఆహారంలో పెద్ద వాటా ఆశ్రయమిచ్చిన జీవికే చేరుతుంది. వెలుగు పెరిగేకొద్దీ ఆ తయారీ కూడా ఒక హద్దు దాకా పెరిగి అక్కడ ఆగిపోతుంది. ఆ పైన పడిన వెలుగు ఆహారంగా మారకపోగా, కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. మరోవైపు వెలుగు మరీ తక్కువైతే, తయారైనదంతా శైవలాల శ్వాసకే సరిపోతుంది కనుక ఎన్ని గంటలు వెలిగించినా మిగులు ఉండదు. అందుచేత ముందు తేలవలసినది తీవ్రత. గంటల లెక్క ఆ తరువాతిది.

ఒక లెక్క చేద్దాం. రాయి మీద పార్ 100 (చదరపు మీటరుకు సెకనుకు 100 మైక్రోమోళ్ల వెలుగు కణాలు) ఉండి, లైటు 9 గంటలు వెలిగితే, రోజంతా పడిన వెలుగు 100ను 9తోనూ 3,600 సెకన్లతోనూ గుణించగా 32,40,000 మైక్రోమోళ్లు, అంటే చదరపు మీటరుకు 3.24 మోళ్లు వస్తాయి. పార్ 75తో 12 గంటలు వెలిగించినా వచ్చేది అంతే. కాగితం మీద రెండూ సమానమే అయినా నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. ఎందుకంటే రెండవ పద్ధతిలో అద్దాల మీది పాచికి రోజూ మరో మూడు గంటలు కలిసివస్తాయి.

ఉష్ణమండలపు పగలు 12 గంటలు కదా, విజయవాడలోనే డిసెంబరులో 11 గంటల పైచిలుకు, జూన్‌లో 13 గంటల పైచిలుకు ఎండ ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. అయితే సూర్యుడు పూర్తి బలంతో ఉండేది నడినెత్తికి వచ్చిన కొన్ని గంటలే. మన ఎల్‌ఈడీ మాత్రం స్విచ్చు వేసిన క్షణం నుంచి ఆపేదాకా ఒకే బలంతో వెలుగుతుంది. కాబట్టి మొదట ఒక గంట నీలం వెలుగు, తరువాత 8 గంటలు పూర్తి వెలుగు, చివర మరో గంట నీలం, మొత్తం 10 గంటలు పెట్టండి. ఉద్యోగాలకు వెళ్లేవారు మధ్యాహ్నం 12కు మొదలుపెట్టి రాత్రి 10కి ఆపితే, ఇంటికి వచ్చాక చూసుకునే వీలు కూడా ఉంటుంది. మిగిలిన 14 గంటలు చీకటే ఉండాలి. చాలా పగడాలు మీసాలు చాచి ఆహారం పట్టేది అప్పుడే.

మే నెల సంగతి వేరు. బెజవాడ మేడగదిలో మధ్యాహ్నపు వేడికి లైటు వేడి తోడైతే నీరు 29 డిగ్రీలు దాటడం తేలిక. వేడి, బలమైన వెలుగు రెండూ కలిసినప్పుడు పగడం తన శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడే ముప్పు ఎక్కువ. వేసవిలో వేళలను రోజుకు అరగంట చొప్పున జరుపుతూ, సాయంత్రం 4 నుంచి రాత్రి 2 దాకా ఉండేలా మార్చండి. అప్పటికీ నీరు చల్లబడకపోతే పూర్తి వెలుగును 6 గంటలకు తగ్గించండి.

టైమరు విషయంలో పిసినారితనం వద్దు. చుట్టూ 15 నిమిషాలకొక పన్ను ఉండే మెకానికల్ టైమరు కరెంటు పోగానే ఆగిపోతుంది. రెండు గంటల కోత తరువాత దాని గడియారం రెండు గంటలు వెనకబడే ఉంటుంది, ఎవరూ గమనించకపోతే లైటు వేళ అర్ధరాత్రి దాకా పాకుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి.

సాధన: కొత్త లైటు అయితే 50 శాతం బలంతో మొదలుపెట్టి, నాలుగు వారాల్లో కావలసిన స్థాయికి పెంచండి; ఆ నెలలో గంటలు మార్చవద్దు. వారానికొకసారి, ఒకే వేళకు, ఒకే కోణం నుంచి ఫొటో తీయండి. జోయాంథస్ కాడలు పొడవుగా సాగుతుంటే వెలుగు చాలడం లేదని అర్థం. మష్రూమ్ అంచులు ముడుచుకుని రంగు పాలిపోతుంటే వెలుగు ఎక్కువైందని గ్రహించి, గంటల జోలికి పోకుండా ముందు బలాన్ని 10 శాతం తగ్గించండి. ఆ ఫొటోలతోనే 5వ పాఠంలో నీలం, తెలుపు ఛానెళ్ల (విడివిడిగా పెంచి తగ్గించగల ఎల్‌ఈడీ వరుసల) పాళ్లు సరిచూద్దాం.