హాలోవీన్ మేజ్‌కి వెళ్తున్నారా? ఎంత భయం సరిపోతుందో ముందే తేల్చుకోండి

హాలోవీన్ మేజ్ అంటే చీకటి గదుల గుండా నడిచి వెళ్తుంటే వేషగాళ్లు హఠాత్తుగా వచ్చి భయపెట్టే ఆట. అమెరికాలో సెప్టెంబరు నుంచి నవంబరు మొదటి వారం దాకా వీటి కాలం. ఓర్లాండోలోని యూనివర్సల్ థీమ్ పార్కు 1991లో ‘ఫ్రైట్ నైట్స్’ అని మొదలుపెట్టి, మరుసటేడు ‘హాలోవీన్ హారర్ నైట్స్’గా పేరు మార్చిన ఉత్సవం, కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫార్మ్ అనే పార్కు 1973 నుంచి జరుపుతున్నదీ వీటిలో పెద్దవి. ఇంగ్లండులోని థీమ్ పార్కుల్లో థార్ప్ పార్క్ 2002లో, ఆల్టన్ టవర్స్ 2007లో ఈ పనికి దిగాయి. ఇవి కాక, ఆ సీజన్ కోసం ఖాళీ గోదాముల్లో, పొలాల్లో వేసే చిన్న మేజ్‌లు ఊరూరా ఉంటాయి. చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు తొలి ఏడాదే స్నేహితులతో కలిసి వెళ్తారు. అక్కడ స్థిరపడ్డవాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ సరదాగా వెంట తీసుకెళ్తుంటారు. ఈ ఇద్దరికీ జాగ్రత్తలు ఒకటి కావు.

పేరు మేజ్ అయినా లోపల దారి తప్పడమంటూ సాధారణంగా ఉండదు. ఒకటే దారి, గదులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పెద్ద పార్కుల్లో లోపలి నడక నాలుగైదు నిమిషాలే. అక్టోబరు శనివారాల్లో క్యూ మాత్రం గంట దాటుతుంది. ఆ కాసేపటి నడక ఎవరికి సరదా, ఎవరికి నరకం అన్నది మోతాదును బట్టి ఉంటుంది. డెన్మార్క్‌లో ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్లు వైలె పట్టణంలోని ఒక మేజ్‌కి వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి పరిశీలించారు. ఫలితాలు 2020లో వచ్చాయి. భయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా జనం ఆనందించలేదు. మధ్యస్థంగా ఉన్నప్పుడే బాగా ఆనందించారు. కాబట్టి ‘అన్నిటికన్నా భయంకరమైనది ఏది?’ అని వెతక్కండి. మీ గుంపులో అందరికన్నా పిరికివారికి ఏది సరిపోతుందో చూడండి.

ఎవరు బయటే ఆగాలి

ముందు గుండె సంగతి. ఉలికిపాటు మన అదుపులో ఉండేది కాదు. చప్పుడు చెవిన పడ్డ సెకనులో ఇరవయ్యో వంతుకే రెప్ప పడిపోతుంది, మెడ, భుజాలు బిగుసుకుంటాయి, ఆ వెంటనే అడ్రినలిన్, బీపీ పెరుగుతాయి. ఆరోగ్యవంతులకు నిమిషాల్లో సర్దుకుంటుంది. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు, బీపీ మందులతో కూడా అదుపులోకి రానివాళ్లు వెళ్లొద్దు. ‘లాంగ్ క్యూటీ’ అనే గుండె లయ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి హఠాత్తు చప్పుడే ప్రమాదకరమైన లయకు కారణమవుతుంది. వాళ్లకు బాగా తెలిసిన మేజ్ అయినా వద్దనే చెప్పాలి. గర్భిణులు, మెడ నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఆగాలి.

అమ్మానాన్నల విషయంలో ఇంకో చిక్కు ఉంది. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బుల మీద పరిమితులుంటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి లోపల ఏదైనా జరిగితే అంబులెన్సు నుంచి ఆసుపత్రి దాకా ఖర్చు మీ మీద పడవచ్చు. పాలసీలో ఆ పేజీ చదవకుండా పెద్దవాళ్లకు టికెట్టు కొనకండి. బయట పార్కులో తిరిగే వేషగాళ్లను దూరం నుంచి చూడటం, ఏదైనా షో చూడటం వాళ్లకు చాలు. కాకపోతే ఆ వేషగాళ్లు తిరిగే ‘స్కేర్ జోన్’ల గుండానే దారులుంటాయి గనుక, వాటిని తప్పించి వెళ్లే దారి మ్యాపులో ముందే చూసుకోండి.

మూర్ఛ ఉన్నవాళ్లు స్ట్రోబ్ లైట్ల గురించి గేటు దగ్గర అడిగి తెలుసుకోవాలి. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే కాంతి ఫోటోసెన్సిటివ్ మూర్ఛను రేపవచ్చు, మేజ్‌లలోని స్ట్రోబ్‌లు చాలావరకు ఆ మధ్యలోనే మెరుస్తాయి. అనుకోకుండా ఎదురైతే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి, ముఖం పక్కకు తిప్పండి. ఊరికే రెండు కళ్లూ మూసుకుంటే రెప్పల గుండా కాంతి వెళ్తుంది, అది సరిపోదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు పొగ చిక్కు. అది గ్లైకాల్, నీళ్లు కలిపి వేడిచేసిన పొగ. విషం కాదు, కానీ ఇరుకు గదిలో గొంతును, ఊపిరి గొట్టాలను రేపుతుంది. ఇన్‌హేలరు లాకరులో కాదు, జేబులో ఉండాలి.

పిల్లల విషయంలో మొహమాటం వద్దు. యూనివర్సల్, నాట్స్ రెండూ 13 ఏళ్ల లోపువారికి తగదనే చెబుతున్నాయి. ఆ మాట టికెట్లు తగ్గించుకోవడానికి చెప్పింది కాదు. చిన్నపిల్లలకు వేషం వేసిన మనిషి ఎవరు, నిజంగా ప్రమాదకరమైన మనిషి ఎవరు అన్నది ఆ చీకట్లో తెలియదు. జడుసుకున్న పిల్ల ఆ రాత్రికే కాదు, వారం పాటు నిద్రలో లేచి ఏడవవచ్చు. ‘అలవాటు అవుతుందిలే’ అని ఎత్తుకుని లోపలికి వెళ్లే తండ్రులు కనిపిస్తూనే ఉంటారు. ఎత్తుకున్న చేతులతో వాళ్లు పడితే ఆపుకోలేరు, అది రెండో ప్రమాదం.

రోజు, బట్టలు, తిండి

శుక్ర, శనివారాలు, అక్టోబరు చివరి పదిరోజులు జనం బాగా ఎక్కువ. సెప్టెంబరులో, లేదా అక్టోబరు మొదట్లో బుధవారం, గురువారం, ఆదివారం రాత్రులు చూసుకోండి. గేట్లు తెరిచే వేళకే లోపల ఉండి మొదటి గంటన్నరలో పెద్ద మేజ్‌లు ముగించుకుంటే క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ టికెట్టు ఖర్చు తప్పవచ్చు. ఎంట్రీ టికెట్టులో మేజ్‌లు కలిసి ఉన్నాయో లేదో చూడండి. ఇంగ్లండులో కొన్నిచోట్ల మేజ్‌కి విడిగా డబ్బు కట్టాలి.

మీరు వేషం వేసుకుని, మాస్కు పెట్టుకుని వెళ్లొద్దు. పెద్ద పార్కులు లోపలికి రానివ్వవు, ఎందుకంటే పనిచేసే వేషగాడెవరో, చూడటానికి వచ్చినవాడెవరో తెలియాలి. దసరా, బతుకమ్మ, దీపావళి ఇదే కాలంలో వస్తాయి గనుక, సంబరాల నుంచి నేరుగా లంగావోణీతోనో, జుబ్బాతోనో వచ్చేవాళ్లుంటారు. రెండు వైపులా గాలి సంచులు ఒత్తుకుంటూ ఉండే ఇరుకు దారిలో చున్నీ, వోణీ చిక్కుకుంటాయి, గాజులు పగులుతాయి. కారులో ఒక జత జీన్సు, వేళ్లు కప్పే బూట్లు ఉంచుకోండి. లేసులు రెండు ముడులు వేయండి. చెప్పులు, హైహీల్స్ వేసుకుని ర్యాంపుల మీద, స్పాంజి నేల మీద పరుగెత్తలేరు, పరుగెత్తకుండానూ ఉండలేరు. కళ్లజోడుకు పట్టీ కట్టుకోండి. చప్పుడు పడనివాళ్లకు ఫోము ఇయర్‌ప్లగ్గులు బాగా పనికొస్తాయి. ఉలికిపాటు చాలావరకు చప్పుడు వల్లే వస్తుంది, అవి పెట్టుకుంటే భయం మోతాదు తగ్గుతుంది గానీ చూసే ఆనందం తగ్గదు.

వెళ్లే రెండు గంటల ముందు తేలిగ్గా తినండి. బిర్యానీ తిని గుండ్రంగా తిరిగే సొరంగంలోకి వెళ్తే కడుపు తిప్పుతుంది. ఖాళీ కడుపుతో గంట క్యూలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. బీరు అక్కడ ప్రతి మూలా అమ్ముతారు. అది భయం తగ్గిస్తుందనుకుంటారు గానీ, తడబాటును, చెయ్యెత్తే గుణాన్ని పెంచుతుంది. గొడవలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

లోపల

వేషగాడు మిమ్మల్ని తాకడు, మీరు తాకకూడదు. పెద్ద పార్కుల్లో ఇదే నియమం. తాకే మేజ్‌లు కొన్ని ఉంటాయి, అక్కడ ముందే కాగితం మీద సంతకం తీసుకుంటారు. ఆ కాగితం చదవండి. ఎప్పుడంటే అప్పుడు బయటికి రావడానికి చెప్పాల్సిన మాట ఏదో అందులో రాసి ఉండాలి. లేకపోతే అది వినోదం కాదు, వెళ్లొద్దు. ఉలిక్కిపడి వేషగాడి మీద పిడికిలి విసిరేవాళ్లు ప్రతి సీజన్లో ఉంటారు. కావాలని కొట్టకపోయినా పార్కు నుంచి పంపేస్తారు, పోలీసులను పిలిచే అవకాశమూ ఉంది. అరెస్టు దాకా వెళ్తే విద్యార్థి వీసాకైనా, ఉద్యోగ వీసాకైనా చిక్కే. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని నడవడం అలవాటు చేసుకోండి. జేబుల్లో పెట్టుకోవద్దు, పడితే ఆనుకోవడానికి చేతులు కావాలి.

కొత్తవాళ్లు గుంపులో రెండో, మూడో స్థానంలో నడవాలి. గదిలోకి అడుగు పెట్టగానే పడే తొలి ఉలికిపాటు మొదటివారిదే. చివరివారి మీదికి వేషగాళ్లు వెనక నుంచి వస్తారు, అది బాగా కష్టమైన చోటు. కావాలంటే ఒక చెయ్యి మాత్రం ముందువారి భుజం మీద వేసి నడవండి, చొక్కా పట్టి లాగొద్దు. తిరిగే సొరంగంలో వంతెన కదలదు, చుట్టూ ఉన్న డ్రమ్ము మాత్రమే తిరుగుతుంది. కళ్లు ‘నువ్వు పడిపోతున్నావు’ అని చెబుతాయి, చెవిలోని తూకం ‘లేదు’ అంటుంది. రెయిలింగు పట్టుకుని, కాళ్ల దగ్గరి నేలను చూస్తూ నడవండి, అదీ కాకపోతే కళ్లు మూసుకుని రెయిలింగు పట్టుకునే దాటేయండి.

క్యూలో చివరి పది నిమిషాలు ఫోను చూడొద్దు. వెలుగు నుంచి చీకటికి కన్ను సర్దుకోవడానికి కనీసం అంత సమయం పడుతుంది. మెట్లు, ర్యాంపులు కనిపించకపోవడానికి ఫోను తెర కూడా ఒక కారణం. లోపల ఫోను, ఫ్లాష్, లైటరు ఏదీ తీయకండి. భరించలేకపోతే ఆగి, ఒక పక్కకు నిలబడి, చెయ్యెత్తి ‘ఐ వాంట్ టు లీవ్’ అని గట్టిగా చెప్పండి. వేషగాడికి చెప్పినా సరే, అతను సిబ్బందిని పిలుస్తాడు. వెనక్కి పరుగెత్తొద్దు, వెనక నుంచి మరో గుంపు వస్తుంటుంది.

నిప్పు గురించి విడిగా చెప్పాలి. 1984 మే 11న న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో ‘హాంటెడ్ క్యాజిల్’ తగలబడి 8 మంది టీనేజి పిల్లలు చనిపోయారు. ట్రైలర్లను కలిపి కట్టిన ఆ మేజ్‌లో స్ప్రింక్లర్లు (మంట రాగానే నీళ్లు చల్లే గొట్టాలు) లేవు. చీకట్లో దారి చూసుకోవడానికి వెలిగించిన లైటరు మంట గోడకున్న ఫోముకు అంటుకుందని విచారణలో చెప్పారు. ఆ తర్వాతే ఇలాంటి కట్టడాలకు స్ప్రింక్లర్లు, పొగ పసిగట్టే పరికరాలు, అలారం మోగగానే చప్పుళ్లు ఆగి లైట్లు వెలిగే ఏర్పాటు నియమాల్లోకి వచ్చాయి. అయితే చిన్న తాత్కాలిక మేజ్‌లకు స్ప్రింక్లర్ల విషయంలో మినహాయింపులున్నాయి. అందుకే గోదాముల్లో వేసినవాటిని ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. గేటు దగ్గర ఫైర్ పర్మిట్ (అగ్నిమాపక శాఖ అనుమతి) ఉందా అని అడగండి, చెప్పడానికి వాళ్లకు అభ్యంతరం ఉండకూడదు. లోపల ఎగ్జిట్ బోర్డులు నల్లగుడ్డతో కప్పి ఉన్నా, మధ్యలో బయటికి వెళ్లే తలుపులు లేకపోయినా, గోడలకు చుట్టిన ఎండుగడ్డి పక్కనే వేడి బల్బులు కనిపించినా వెనక్కి వచ్చేయండి. మన మాల్స్‌లో, ఎగ్జిబిషన్లలో వేసే భూత్ బంగ్లాలకూ ఇదే పరీక్ష పెట్టండి.

మేజ్ బాగుందో లేదో చూసే పద్ధతి

చూసిన మేజ్‌కి మార్కులు వేసేటప్పుడు రక్తం, తెగిన తలలు ఎన్ని ఉన్నాయన్నది కొలత కాదు. తొలిగా చూడాల్సింది గుంపుకూ గుంపుకూ మధ్య ఎడం. ఆరేడుగురిని పంపి, కాసేపు ఆపి, తర్వాతి గుంపును పంపితే ప్రతివారికీ ఆట కొత్తగా ఉంటుంది. పెద్ద పార్కులు రద్దీ రోజుల్లో ఆపకుండా వదులుతాయి, అప్పుడు ముందువాళ్లు అరిచినచోటే మీ వంతు వస్తుందని ముందే తెలిసిపోతుంది. ఆ లోపం రూపకర్తలది కాదు, రద్దీది. విడిగా రాసుకోండి. గేటులో నిలబడ్డ మనిషిని కాస్త ఎడం ఇవ్వమని మర్యాదగా అడిగితే, జనం తక్కువున్న రోజుల్లో ఇస్తారు కూడా.

రెండోది, భయపెట్టే దెబ్బ ఎటు నుంచి పడుతోంది? మంచి మేజ్ మిమ్మల్ని ముందుకు తోస్తుంది. వేషగాడు పక్క నుంచో, వెనక నుంచో వస్తే గుంపు దారి వెంట పరుగెత్తుతుంది. ఎదురుగా నిలబడి అడ్డుకుంటే జనం వెనక్కి తగ్గి వెనకవాళ్ల కాళ్లు తొక్కుతారు. అలాంటి గది కళగానూ విఫలమే, భద్రతగానూ విఫలమే. చివర్లో గొలుసు తీసేసిన చైన్‌సాతో (చెట్లు కోసే మోటారు రంపం) తరిమే చోట నేల చదునుగా, వెడల్పుగా, మెట్లు లేకుండా ఉందా చూడండి.

మూడోది దృష్టి మళ్లింపు. ఒక మూల వెలుగులో బొమ్మ కదులుతుంటే మీరు అటు చూస్తారు, అసలు మనిషి ఇటు పక్క గోడలోని కిటికీ నుంచి వస్తాడు. ఇది కుదిరిన గదులు ఎన్నో లెక్కపెట్టండి. అన్ని గదుల్లోనూ అదే కిటికీ తెరుచుకుని, అదే హారను మోగితే నాలుగో గదికల్లా శరీరం అలవాటు పడిపోతుంది. ఏమీ జరగని ఒక ఖాళీ గది, పొడవాటి నిశ్శబ్దపు వరండా ఉన్న మేజ్ రూపకర్తకు పని తెలుసని అర్థం. పరదా కింద వేషగాడి బూట్లు కనిపించడం, వెనక గది వెలుతురు సందుల్లోంచి రావడం, పాత్రకూ సెట్టుకూ సంబంధం లేకపోవడం మార్కులు తగ్గించాల్సిన లోపాలు. వాసన కుదిరితే ఎక్కువ ఇవ్వండి. తడిమట్టి, కాలిన రబ్బరు వాసన గదిలోకి అడుగు పెట్టకముందే పని మొదలుపెడతాయి, చాలామంది నిర్వాహకులు దీన్ని పట్టించుకోరు.

సెట్టుకు ఒక మార్కు, నటనకు ఒకటి, నడిపిన తీరుకు ఒకటి వేయండి, మూడూ కలిపేయకండి. వేషగాళ్లు విడతలవారీగా మారుతుంటారు. మారే వేళకు వెళ్తే ఖాళీ మూలలే కనిపిస్తాయి. అందుకే ఒకే నడకతో తీర్పు చెప్పడం అన్యాయం. వీలైతే సాయంత్రం ఒకసారి, పదకొండు తర్వాత ఒకసారి చూడండి. అర్ధరాత్రికి క్యూలు తగ్గుతాయి, గుంపుల మధ్య ఎడం వస్తుంది, గొంతు పోయినా సమయం తప్పని నటులెవరో అప్పుడే తెలుస్తుంది.

ఓర్లాండోలో ఉత్సవం కొన్ని రోజులు తెల్లవారుజామున 2 గంటల దాకా నడుస్తుంది. కారు లేని విద్యార్థులు తిరుగు ప్రయాణం ముందే చూసుకోవాలి. మూసే వేళ క్యాబ్ రేట్లు రెండింతలు దాటవచ్చు, చివరి రైలు అంతకు ముందే వెళ్లిపోవచ్చు. కారు నడిపేవాళ్లు బయటికొచ్చాక అరగంట కూర్చుని, నీళ్లు తాగి బయల్దేరండి. అడ్రినలిన్ దిగాక నిద్ర ఒక్కసారిగా ముంచుకొస్తుంది, అది సరిగ్గా హైవే మీద ఉన్నప్పుడే వస్తుంది. లోపల విరిగిన మెట్టో, ఊడిన రెయిలింగో కనిపించి ఉంటే వెళ్లేముందు గెస్ట్ సర్వీసెస్‌లో ఏ మేజ్, ఏ గది అన్నది చెప్పి వెళ్లండి.