శ్రావణానికి నగలు మెరుగుకు ఇస్తున్నారా? ఫ్లోరైట్ రాయి ఉంటే ఈ జాగ్రత్తలు తప్పనిసరి

గత నెలలో మా పిన్నిగారు తమ పచ్చని ఫ్లోరైట్ పతకాన్ని మిగిలిన బంగారు నగలతో కలిపి ఒక దుకాణంలో మెరుగుకు ఇచ్చారు. సాయంత్రం చేతికి వచ్చిన పొట్లంలో బంగారం ధగధగలాడుతోంది, రాయి మాత్రం మూడు ముక్కలై ఉంది. ముక్కలు విరిగిన వైపు ఎగుడుదిగుడులు లేకుండా అద్దంలా నున్నగా ఉన్నాయి. పనివాడు దానిని పచ్చ (మరకతం) అనుకున్నాడు. అది ఫ్లోరైట్ అని ఆమె చెప్పలేదు. రాయి పేరు చెప్పకుండా నగ ఇవ్వడం వల్లే నేను చూసినంతలో ఎక్కువ ఫ్లోరైట్ నగలు పాడయ్యాయి.

ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడ్. ఉక్కు తయారీలో మలినాలను కరిగించడానికీ, మేలురకం కటకాలకూ వాడే ఈ ఖనిజం మన దేశంలో గుజరాత్‌లోని అంబాడుంగర్ వద్ద దొరుకుతుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోహ్స్ కొలమానంలో దీని కాఠిన్యం 4 మాత్రమే కాగా, మరకతానికి 7.5 నుంచి 8 వరకు ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, దీనిలో నాలుగు దిశలలో సహజమైన చీలిక తలాలు ఉండడం వల్ల చిన్న దెబ్బకే ఆ తలాల వెంట విడిపోతుంది. దుకాణాల్లో నగలు కడిగే అల్ట్రాసోనిక్ యంత్రంలోని ప్రకంపనలు, ఆవిరితో కడిగేటప్పుడు తగిలే ఆకస్మిక వేడి చేసేది కూడా ఇదే.

ఆమ్లం సంగతి ఇంకా తీవ్రమైనది. అతుకు వేసిన నగను శుభ్రపరచడానికి కొందరు వాడే వేడి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఫ్లోరైట్ పడితే రాయి పాడవడమే కాక, గాజును సైతం తినేసే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడి పనివాడి ఊపిరితిత్తులకూ చర్మానికీ ప్రమాదం కలుగుతుంది. కాబట్టి రాయి పేరు చెప్పండి, రసీదు మీద కూడా రాయించండి. అతుకు పని ఉంటే ముందుగా రాయిని తీయించండి.

ఇంట్లో అయితే గోరువెచ్చని నీటిలో ఒక చుక్క తేలికపాటి సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. పొడిగా తుడవకండి, ఎందుకంటే గాలిలోని దుమ్ములో కాఠిన్యం 7 ఉన్న క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, అవి గీతలు పెడతాయి. నిమ్మకాయ, చింతపండు, వంటసోడా, పళ్లపొడి వద్దు. మరుగుతున్న నీటిలో వేయవద్దు. ఎండలో ఆరబెట్టవద్దు, కొన్ని రాళ్ల రంగు వెలిసిపోతుంది. వజ్రాలు, కెంపులు ఉన్న పెట్టెలో కలపకండి, విడిగా మెత్తని సంచిలో ఉంచండి. ఉంగరంగా రోజూ ధరించకండి. పూజ పనులకు, వంటకు ముందు తీసేయండి.

మంచిదని ఎవరు చెప్పినా ఆ రాయిని నానబెట్టిన నీరు తాగకండి. లీటరు నీటిలో కరిగేది సుమారు 15 మిల్లీగ్రాములే అయినా, అందులో దాదాపు సగం ఫ్లోరైడ్; తాగునీటిలో గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికి చెప్పనక్కరలేదు.

దుకాణం మెట్లెక్కాక మరొక్కసారి: రాయి పేరు చెప్పండి. పనివాడు "మాకు తెలుసులెండి" అన్నా చెప్పండి. యంత్రంలో వేయనని, ఆమ్లంలో ముంచనని మాట ఇచ్చేవరకు నగను బల్ల మీద పెట్టకండి. ఇవ్వకపోతే వెనక్కి తెచ్చుకోండి.