ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు తొలి కోడ్ పంపేటప్పుడు

విజయవాడ, గుంటూరు ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివే విద్యార్థులు ఓపెన్ సోర్స్ (మూల కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల) ప్రాజెక్టుకు కోడ్ పంపదలిస్తే, ముందుగా రిపాజిటరీలో, అంటే ప్రాజెక్టు కోడ్ భద్రపరిచే చోట, మార్పులు పంపే పద్ధతి చెప్పే కంట్రిబ్యూటింగ్ ఫైలునూ, లైసెన్సునూ పూర్తిగా చదవాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకు కేంద్రభాగమైన లినక్స్ కెర్నెల్ ప్రాజెక్టు అయితే, ఆ కోడ్‌ను ఇచ్చే హక్కు పంపినవారికి ఉందని ధ్రువీకరించే ‘సైన్డ్-ఆఫ్-బై’ వరుసను పంపే ప్రతి మార్పులోనూ (ప్యాచ్‌లోనూ) కోరుతుంది.

తొలి ప్రయత్నానికి మన భాషకు సంబంధించిన లోపాన్ని ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం. దాన్ని మనకన్నా బాగా పసిగట్టగలవారు అరుదు. ఉదాహరణకు, ‘గుంటూరు’ చూపుకు మూడక్షరాలే అయినా లిపుల గుర్తులకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో 7 కోడ్ పాయింట్లు (హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, సున్నకూ విడివిడి సంఖ్యలు). ఆ పేరును నాలుగు కోడ్ పాయింట్ల దగ్గర కత్తిరించే ప్రోగ్రాం తెరమీద ‘గుంట’ అని చూపిస్తుంది. అటువంటిది కనబడితే, ఇదివరకే ఎవరైనా తెలియజేశారేమో వెతికి, లేకుంటే ఇచ్చిన పదం, రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం, వెర్షన్ వివరాలతో ఇష్యూ (లోపాన్ని తెలియజేసే నివేదిక) తెరవాలి.

ఆపై ప్రాజెక్టును ఫోర్క్ చేసుకుని (సొంత ప్రతి తీసుకుని), అందులో అసలు కోడ్ నుంచి వేరుగా ఉండే విడి బ్రాంచిలో ఆ ఒక్క లోపాన్నే సరిదిద్దాలి. పనిలో పనిగా ఇతర ఫైళ్ల అమరికను కూడా మారిస్తే సమీక్షించేవారికి అసలు మార్పు కనిపించదు. సవరణకు ముందు విఫలమై, తరువాత నెగ్గే టెస్టును ‘గుంటూరు’తోనే రాయండి. కమిట్ సందేశంలో (భద్రపరిచిన మార్పుకు జోడించే వివరణలో) ఏమి మార్చారో క్లుప్తంగా, ఎందుకు మార్చారో వివరంగా చెప్పి, ఆ మార్పును అసలు ప్రాజెక్టులో కలపమని కోరే పుల్ రిక్వెస్ట్ పంపండి. ప్రాజెక్టును నిర్వహించే మెయింటెయినర్లలో చాలామంది తీరిక వేళల్లో పనిచేసేవారే కనుక జవాబుకు కొన్ని వారాలైనా ఓపిక పట్టండి. వారు మార్పులు కోరితే అదే పుల్ రిక్వెస్ట్‌లో చేయండి.