చాలా ఏళ్ల తరువాత వాద్యం పట్టి కమ్యూనిటీ బ్యాండ్‌లో చేరడం ఎలా?

చదువుకునే రోజుల్లో క్లారినెట్టో ట్రంపెట్టో నేర్చుకుని, ఉద్యోగమూ సంసారమూ మీద పడ్డాక దానిని పెట్టెలో పెట్టి మూసేసినవారు, ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ, ఊరివారు సరదాకి కలిసి వాయించే కమ్యూనిటీ బ్యాండ్‌లో వాయించాలనుకున్నప్పుడు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. ‘ముందు పాత స్థాయికి వస్తాను, ఆ తరువాతే బ్యాండ్‌లో చేరతాను’ అనుకుంటారు. ఆ రోజు చాలామందికి రానే రాదు. ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తే వాద్యం మీద పట్టు తిరిగి రావచ్చు గాని, పక్కవారి శ్రుతిని వింటూ, బృందాన్ని నడిపించే కండక్టర్ చేతిని ఓరకంట గమనిస్తూ, తప్పు పడినా ఆగకుండా ముందుకు సాగే అలవాటు నలుగురి మధ్య కూర్చుంటేనే వస్తుంది. కాబట్టి వాద్యాన్ని బాగుచేయించుకోవడానికీ, పెదవులకు కాస్త బలం రావడానికీ రెండు నెలల గడువు పెట్టుకుని, అది తీరగానే బ్యాండ్ వారిని కలవడమే మేలని నా అభిప్రాయం. 1991లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో, ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయంలో రాయ్ ఎర్నెస్ట్ పెద్ద వయసు వారి కోసం ప్రారంభించిన న్యూ హొరైజన్స్ బ్యాండ్ కూడా, ఎన్నడూ వాద్యం పట్టనివారినీ ఏనాడో వదిలేసినవారినీ ఒకే చోట కూర్చోబెట్టి నేర్పే పద్ధతిలోనే మొదలైంది.

ముందుగా వాద్యం సంగతి

ఏళ్ల తరబడి వాడని వాద్యాన్ని అలాగే నోటికి పెట్టకండి. క్లారినెట్, శాక్సోఫోన్, ఫ్లూట్ వంటి వాటిలో రంధ్రాలను మూసే ప్యాడ్లు ఎండిపోయి గాలి కారుతుంది. ట్రంపెట్‌లో వేళ్లతో నొక్కే వాల్వులు, గొట్టాలు బిగుసుకుపోతాయి. గాలి కారుతున్న క్లారినెట్ పట్టుకుని, లోపం తన పెదవుల్లోనే ఉందనుకుని నెలల తరబడి మథనపడేవారు ఉంటారు. దీనిని కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. క్లారినెట్ పైభాగాన్ని మాత్రమే విడిగా తీసుకుని, ఎడమచేతి వేళ్లతో, బొటనవేలితో రంధ్రాలన్నీ మూసి, కింది చివరను కుడి అరచేతితో గట్టిగా కప్పి, పై చివర నుంచి నోటితో గాలి లోపలికి పీల్చండి. ఆ పీల్పు కొన్ని క్షణాలు నిలిచి, అరచెయ్యి తీయగానే ‘టప్’మని చప్పుడు వస్తే ప్యాడ్లు బాగున్నట్టే. గాలి ఎక్కడి నుంచో సన్నగా వచ్చేస్తుంటే మరమ్మతు చేసేవారికి ఇవ్వవలసిందే.

ట్రంపెట్‌లో మౌత్‌పీస్ (నోటికి ఆనించే భాగం) ఇరుక్కుపోతే పట్టకారుతో తిప్పకండి, గొట్టం మెలితిరిగిపోతుంది. దానిని బయటికి లాగే సాధనం మరమ్మతుదారుల దగ్గర ఉంటుంది. క్లారినెట్, శాక్సోఫోన్‌ల నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీస్‌ను గోరువెచ్చని నీళ్లతోనే కడగాలి, వేడినీళ్లు పోస్తే రంగు మారిపోతుంది. మౌత్‌పీస్‌కు బిగించే, ఊదితే కంపించే పలుచని పలకలైన రీడ్లు పాతవైతే మొహమాటం లేకుండా పారేయండి. నంబరు పెరిగేకొద్దీ రీడ్ గట్టిగా ఉంటుంది కాబట్టి, గతంలో 3వ నంబరు రీడ్ వాడినవారైనా ఇప్పుడు 2 లేదా 2½తో మొదలుపెట్టడం మంచిది. కొయ్య క్లారినెట్ అయితే మొదటి రెండు వారాలు రోజుకు పది, పదిహేను నిమిషాలకు మించి ఊదకుండా, వాయించిన ప్రతిసారీ లోపలి తడిని గుడ్డతో తుడవాలి. ఎండిన కొయ్య ఒక్కసారిగా తేమ పీల్చుకుంటే బీట వారే ప్రమాదం ఉంది.

వేళ్లు గుర్తుంచుకుంటాయి, పెదవులు మరచిపోతాయి

మొదటి వారంలోనే వేళ్లు వాటంతట అవే పాత చోట్లకు వెళ్లడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ ఉత్సాహంలో గంటసేపు వాయించడమే ముప్పు. నోటి చుట్టూ ఉన్న కండరాలకు ఆ బలం ఇప్పుడు లేదు. అవి అలసినప్పుడు మౌత్‌పీస్‌ను పెదవులకేసి అదిమి స్వరాన్ని రాబట్టే దురలవాటు అప్పుడే పుడుతుంది. రోజుకు రెండుసార్లు, పూటకు పదిహేను నిమిషాలు చాలు (కొయ్య క్లారినెట్ వారు మొదటి రెండు వారాలు పైన చెప్పిన హద్దు దాటకూడదు). ట్రంపెట్, ట్రాంబోన్ వాయించేవారు ఎంతసేపు ఊదారో అంతసేపు విశ్రాంతి కూడా తీసుకోవాలి. సమంగా టక్‌టక్‌మని లెక్క కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, మధ్య స్థాయిలోని ఒక్కో స్వరాన్ని ఎనిమిది లెక్కల పాటు, వణకకుండా, మరీ గట్టిగా కాకుండా నిలపండి. చూడటానికి విసుగు పుట్టించే సాధనే గాని, దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు.

స్కేళ్ల (మెట్లు మెట్లుగా ఎక్కే స్వరాల వరుసల) విషయంలో అన్నింటినీ నెత్తికెత్తుకోనక్కరలేదు. బ్యాండ్ రచనలు ఎక్కువగా బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ శ్రుతుల్లో ఉంటాయి. కొన్ని వాద్యాలకు కాగితం మీద రాసే స్వరం పేరు, నిజంగా వినిపించే స్వరం పేరు వేరు కాబట్టి, బి ఫ్లాట్ క్లారినెట్, ట్రంపెట్ వాయించేవారి కాగితం మీద ఇవే సి, ఎఫ్, జి స్కేళ్లుగా కనిపిస్తాయి. ఆల్టో శాక్సోఫోన్ వారికి జి, సి, డిలుగా కనిపిస్తాయి. ముందు ఆ మూడింటినీ కళ్లు మూసుకుని వాయించగలిగితే చాలు.

బ్యాండ్‌ను ఎంచుకోవడం

కొన్ని బ్యాండ్లు వాయించి చూపమంటాయి, కొన్ని వచ్చినవారినందరినీ చేర్చుకుంటాయి. చందా ఎంత, రిహార్సల్ వారానికి ఎన్నిసార్లు, మీ వాద్యానికి ఖాళీ ఉందా అన్నవి ముందే అడగండి. అసలు తెలుసుకోవలసింది వారు వాయించే రచనల కష్టస్థాయి. చాలామంది ప్రచురణకర్తలు 1 (అన్నింటికన్నా తేలిక) నుంచి 6 వరకు గ్రేడ్లు వేస్తారు. తిరిగి వచ్చేవారికి 2, 3 గ్రేడ్లు వాయించే బ్యాండ్ హాయిగా ఉంటుంది. చేరేముందు ఒక రిహార్సల్‌కు వెళ్లి ఊరికే కూర్చుని వినండి. తప్పు వచ్చినప్పుడు కండక్టర్ ఎలా మాట్లాడతారో గమనిస్తే మిగతాదంతా అర్థమవుతుంది.

ఎన్నేళ్ల విరామం వచ్చిందో దాచకుండా చెప్పి, మీ వాద్యానికి రాసిన వేర్వేరు భాగాల్లో మూడోది, అంటే మూడో పార్టు ఇమ్మని అడగండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ పార్టులో స్వరాలు సాధారణంగా కింది స్థాయిలో, కాస్త తీరుబాటుగా నడుస్తాయి. పైగా మొత్తం సంగీతం ఎలా కూర్చబడిందో అక్కడి నుంచి బాగా వినిపిస్తుంది.

మొదటి రిహార్సల్

పావుగంట ముందే వెళ్లి వాద్యాన్ని వేడెక్కించండి. వెచ్చని గాలిలో ధ్వని వేగం ఎక్కువ. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది సెకనుకు సుమారు 331 మీటర్లయితే, 20 డిగ్రీల దగ్గర సుమారు 343 మీటర్లు. అందువల్ల చల్లగా ఉన్నప్పుడు శ్రుతి చేసిన వాద్యం, ఊదేకొద్దీ లోపలి గాలి వెచ్చబడి, కాసేపటికే శ్రుతి పైకి పోతుంది. శ్రుతి ఎక్కువైతే గొట్టాన్ని కొద్దిగా బయటికి లాగాలి, తక్కువైతే లోపలికి నెట్టాలి. పెన్సిల్ తప్పనిసరి, రెండు రీడ్లో వాల్వ్ నూనో అదనంగా ఉండాలి. డ్రమ్ములకో ట్రంపెట్లకో ముందు చోటు దొరికితే సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు కూడా తీసుకువెళ్లండి.

కొత్తగా వచ్చినవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి వేగమైన స్వరాలు కావు, మౌనాలు. కాగితం మీద ఒక గీత గీసి దానిపై 24 అని ఉంటుంది, అంటే 24 బార్ల (కొన్ని లెక్కలు కలిసిన తాళపు విభాగాల) పాటు ఊదకూడదు. ‘ఒకటి-రెండు-మూడు-నాలుగు, రెండు-రెండు-మూడు-నాలుగు, మూడు-రెండు-మూడు-నాలుగు’ అంటూ ప్రతి బార్ మొదటి లెక్కలో దాని సంఖ్యను చెప్పుకుంటూ, ఎనిమిది బార్లకొకసారి మోకాలి మీద ఒక వేలు మడవండి. అయినా దారి తప్పితే, కాగితం మీద పెద్దగా అచ్చువేసిన తదుపరి అక్షరం లేదా సంఖ్య దగ్గర కాచుకుని ఉండి, కండక్టర్ దానిని పిలిచినప్పుడో, ట్రంపెట్లు అందుకున్నప్పుడో కలవండి. వేగమైన భాగంలో ప్రతి లెక్కకూ మొదటి స్వరం మాత్రం వాయించి మిగతావి వదిలేయడం బద్ధకం కాదు. తడబడుతూ అన్నీ ఊది పక్కవారిని కూడా ముంచడం కన్నా అది మర్యాద.

ఇంటికి వెళ్లాక పార్టు మొత్తాన్ని మళ్లీ వాయించకండి. చేతికి అందని మూడు నాలుగు చోట్లను రిహార్సల్‌లోనే పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, వాటినే సగం వేగంతో సాధన చేయండి. ఇలా ఆరు వారాలు వెళ్లాక కూడా మూడో పార్టులో సగం అందకపోతే ఆ బ్యాండ్ మీకు ఒక మెట్టు పైన ఉన్నట్టు లెక్క. కండక్టర్‌కు ఆ మాట చెప్పి, తేలిక రచనలు వాయించే బృందం ఏదైనా ఉందేమో ఆయననే అడగండి.